ఆ షెడ్డు తాళం తీయండి: నగర పాలకులకు ఒక చిత్రకారిణి బహిరంగ లేఖ

నగర పాలక సంస్థ పెద్దలకు, పట్టణ ప్రణాళిక, అగ్నిమాపక విభాగాల అధికారులకు,

నమస్కారం.

రైల్వే గోదాముల వెనక ఉన్న పాత మిల్లు షెడ్డుకు పోయిన నెల మీ సిబ్బంది సీలు వేశారు. తలుపు మీద అంటించిన కాగితంలో రెండే వాక్యాలున్నాయి. భవనం జనం గుమిగూడటానికి పనికిరాదని ఒకటి, లోపలి సామాను తీసుకోవాలంటే దరఖాస్తు పెట్టుకోవాలని రెండోది. ఆ కాగితంలో రాసింది అబద్ధమని నేను అనను. మెట్ల దగ్గర వైర్లు బయటికి వేలాడుతున్న మాట నిజమే. వెనక తలుపు ఏళ్ల తరబడి తెరుచుకోని మాటా నిజమే. ఇరవై రెండేళ్లు అక్కడ బొమ్మలు వేసినదాన్ని, ఆ లోపాలు మీ ఇన్‌స్పెక్టరు గారికంటే నాకే ఎక్కువ తెలుసు. కాగితంలో లేనిది, లోపల ఏం జరిగేదన్న సంగతి. అది మీకెవరూ చెప్పి ఉండరు. చెప్పకపోవడం మా తప్పు కూడా. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మన ఊరి లాంటి ఊళ్లు లోకంలో చాలా ఉన్నాయి. ఒకప్పుడు మిల్లులు, ఫౌండ్రీలు, రేవులు నడిచి, తర్వాత మూతపడి, గోడల మీద మసి మిగిలిన ఊళ్లు. వాటిని నడిపే వాళ్లెవరైనా చదువుతారేమోనని దీన్ని మీ టపాలో వేయకుండా నలుగురి ముందు పెడుతున్నాను.

నేను పందొమ్మిదేళ్ల వయసులో ఆ షెడ్డులో అడుగుపెట్టాను. చంకలో చుట్టిన కాన్వాసు, బుర్ర నిండా సూర్యాస్తమయాలు. అద్దె తక్కువని వెళ్లాను, మరో కారణం లేదు. నాకిచ్చిన మూలకు ఆనుకునే, చెక్క పలకల గోడకు అవతల, లేత్ మిషన్ల వర్క్‌షాపు ఉండేది. ఒక మధ్యాహ్నం పెద్ద కాన్వాసుకు తెల్ల ప్రైమరు పూసి, ఆరుతుందిలే అని వెళ్లిపోయాను. తెల్లారి వచ్చి చూస్తే తెలుపంతా సన్నటి గోధుమరంగు చుక్కలు. పలకల సందుల్లోంచి ఎగిరొచ్చిన ఇనుప రజను తడి ప్రైమరు మీద పడి రాత్రికి రాత్రే తుప్పు పట్టింది. ఏడుపొచ్చింది. మళ్లీ ప్రైమరు కొనడానికి చేతిలో డబ్బుల్లేవు. ఉప్పుకాగితం తీసుకుని రుద్దబోతుంటే, అవతలి మూలలో బోర్డులు రాసే మాస్టారు వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆయన జీవితమంతా దుకాణాల బోర్డులూ సినిమా కటౌట్లూ రాసిన మనిషి.

"ఆగు అమ్మాయ్. ఎడమవైపు చుక్కలు దట్టంగా ఉన్నాయి, కుడివైపుకి వచ్చేసరికి పలచబడ్డాయి. గాలి ఎటు నుంచి ఎటు పోయిందో అదే రాసిపెట్టుకుంది. నువ్వు చెరిపేస్తానంటున్నావు" అన్నారు.

ఆ పూట ఉప్పుకాగితం పక్కన పెట్టి లేత్ వర్క్‌షాపుకు వెళ్లాను. అక్కడి అన్న నా మొహం చూసి మొదట నవ్వాడు, తర్వాత మూడు డబ్బాలు తెచ్చి పెట్టాడు. పోత ఇనుము పొడిపొడిగా రాలుతుందని, మెత్తటి ఉక్కు చుట్టలు చుట్టలుగా వస్తుందని, ఇత్తడి ఎంత తడిలో ఉన్నా తుప్పు పట్టదని చేతిలో పోసి చూపించాడు. ఆ తర్వాత మూడేళ్లు నేను తుప్పుతో తప్ప మరో రంగుతో పని చేయలేదు. సూర్యాస్తమయాలు ఎప్పుడు పోయాయో గుర్తు లేదు. ఈ రోజు నా పనిని ఎవరైనా గుర్తుపడితే ఆ మూడేళ్ల వల్లే గుర్తుపడతారు.

ఇనుప రజను ఊరు ఇచ్చింది. దాన్ని ఊడ్చేయకుండా చూడమని చెప్పడానికి మాస్టారు ఆ మూలలో ఉండాలి. ఆ మూల ఉండాలంటే ఆ షెడ్డు ఉండాలి. నేను ఈ లేఖలో చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా మీకు నమ్మకం కలగాలని రాస్తున్నాను.

లోకమంతా పేరు తెలిసిన కళాకారుల దగ్గరా ఇదే కనిపిస్తుంది. కీత్ హేరింగ్ 1978లో న్యూయార్క్ చేరేనాటికి ఆ నగరం దివాలా అంచు నుంచి ఇంకా తేరుకోలేదు. అక్కడి సబ్‌వే స్టేషన్లలో గడువు తీరిన ప్రకటనల మీద నల్ల కాగితం అంటించి వదిలేసేవారు. 1980 నుంచి దాదాపు ఐదేళ్లు ఆయన ఆ నల్ల కాగితాల మీద తెల్ల సుద్దతో బొమ్మలు గీశారు. పోలీసులు వచ్చేలోపు అయిపోవాలి. చెరపడానికి లేదు, దిద్దుకోవడానికి లేదు. ఎన్నోసార్లు పట్టుబడ్డారు కూడా. ఎక్కడా తడబడని ఆయన ఒంటి గీత ఆ ప్లాట్‌ఫారాల మీదే గట్టిపడిందని నా నమ్మకం. చేతికి నిదానంగా దిద్దుకునే వీలుంటే ఆ గీత అలా వచ్చేది కాదు.

హోర్డింగుల సంగతి మాస్టారు తరచూ చెప్పేవారు. ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నారు. అమెరికాలో జేమ్స్ రోసెన్‌క్విస్ట్ అనే చిత్రకారుడు 1950ల చివర్లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో పరంజాల మీద నిలబడి ప్రకటనల బోర్డులు వేశారు. బోర్డు వేసేవాడికి ముఖం మొత్తం ఎప్పుడూ కనిపించదు. ముక్కు పక్కన నిలబడితే ముక్కు ఒక గోడ. కనపడని మొత్తాన్ని మనసులో పెట్టుకుని, కళ్లముందున్న జానెడు మేరకు రంగు పూయాలి. ఆ ఇద్దరి పెద్ద కాన్వాసుల ముందు నిలబడినవాళ్లకు ఆ పరంజా అనుభవం ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

ఇంతవరకు చదివి, మురికీ పేదరికమూ ఉంటే కళాకారులు వాళ్లంతట వాళ్లే పుడతారన్నమాట అని మీరు అనుకుంటే నా రాత చెడినట్టే. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను, మంచి మనసున్న వాళ్ల నోటా విన్నాను. అది తప్పు. నాతో పాటు ఆ షెడ్డుకు వచ్చినవాళ్లలో నాకంటే చెయ్యి తిరిగినవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు అద్దె కట్టలేక రెండో ఏడాది వెళ్లిపోయాడు, మళ్లీ కుంచె పట్టలేదు. ఇంకొకామె కిటికీ లేని గదిలో ఆమ్లంతో రాగి పలకలు చెక్కీ చెక్కీ ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. ఆకలి వాళ్లకు ఏమీ నేర్పలేదు, వాళ్ల దగ్గరున్నది లాక్కుంది. మసి ఉన్న ఊళ్లు వేలల్లో ఉన్నాయి, అన్నిటిలోనూ చిత్రకారులు తయారు కాలేదు. తయారైన చోటల్లా చవగ్గా దొరికిన ఒక గది, అందులో ఒకరి పని ఒకరు చూసుకునే నలుగురు మనుషులు కనిపిస్తారు.

పారిస్‌లో లా రూష్ అని ఒక చోటుంది, తేనెతుట్టె అని అర్థం. 1900 నాటి ప్రపంచ ప్రదర్శన ముగిశాక విప్పేసిన మంటపాన్ని ఆల్‌ఫ్రెడ్ బూషే అనే శిల్పి కొనుక్కుని, 1902లో దాన్ని కుర్ర కళాకారుల గదులుగా మార్చాడు. అద్దె నామమాత్రం. అది కూడా కట్టలేని వాళ్లను ఆయన తరిమేసేవాడు కాదు. మార్క్ షగాల్ అక్కడ పని చేశాడు. షాయిమ్ సూటిన్ అక్కడ పని చేశాడు. దగ్గర్లోనే వోజిరార్ కబేళాలు. తర్వాతి రోజుల్లో సూటిన్ వేసిన ఎద్దు కళేబరాల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఆ కబేళాలతో పాటు బూషే కూడా గుర్తొస్తాడు. ఆ పిల్లలు సంపాదించుకున్న పేరు ముందు ఆయన పేరు ఈ రోజు చిన్నది. ఆ గదులు మాత్రం ఆయనవి. 1960ల చివర్లో ఆ భవనాన్నీ కూల్చేయబోయారు. షగాల్ లాంటి వాళ్లు గొంతెత్తడంతో నిలబడింది.

ఇక మా శుక్రవారాల గురించి చెప్పాలి. మీ కాగితంలో "జనం గుమిగూడటం" అని రాసింది వీటి గురించే.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకరు తమ పనిని తెచ్చి తూర్పు గోడకు ఆనించాలి. మొదటి అరగంట ఆ పని చేసినవాళ్లు నోరు విప్పకూడదు. మిగతావాళ్లు కూడా బాగుందని గానీ బాగాలేదని గానీ అనకూడదు, కంటికి ఏం కనిపిస్తోందో అదే చెప్పాలి. ఆ తర్వాతే ప్రశ్నలు. మాస్టారు, లేత్ అన్న, రాత్రిపూట చెక్కముద్రలు వేసుకునే బడిపంతులు ఒకాయన, ఫొటోలు తీసే అక్క, ఇంకా ఏడెనిమిది మంది కుర్రాళ్లు. ఒకసారి ఒక అబ్బాయి వాళ్ల నాన్న బొమ్మ తెచ్చాడు. నాన్న ఫిట్టరుగా పనిచేసి పోయాడు. పానా పట్టుకుని బోల్టు బిగిస్తున్న మనిషి, ముఖంలో అలసట. చూసి మాకందరికీ గొంతు పట్టేసింది. ఫొటోల అక్క కళ్లు తుడుచుకుంది. అరగంట గడిచాక లేత్ అన్న లేచి, లోపలి నుంచి పెద్ద పానా ఒకటి తెచ్చి ఆ అబ్బాయి చేతికిచ్చి, "బిగించు" అన్నాడు. వాడు గాల్లో బిగించబోయాడు. "చూశావా, బరువంతా భుజం మీద పడింది. నువ్వు వేసిన చేతిలో బరువు మణికట్టు దగ్గరే ఆగిపోయింది. మీ నాన్న అట్లా పట్టుకుంటే సాయంత్రానికి చెయ్యి విరిగేది" అన్నాడు.

ఆ అబ్బాయి రెండు నెలలు ఆ చెయ్యి ఒక్కటే వేశాడు. లేత్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని వేశాడు. చివరికి గోడకు ఆనించినప్పుడు ముఖంలో అలసట వేయాల్సిన పని లేకపోయింది, భుజంలోనే ఉంది. ఏ కళాశాల తరగతిలో ఒక లేత్ ఆపరేటరు వచ్చి నిలబడి ఆ మాట అంటాడు? ఎన్ని గ్యాలరీల్లో అనగలడు? కళాశాలలు వద్దని కాదు నేననేది. ఆ మాట అనే మనిషీ, వినాల్సిన పిల్లవాడూ ఒకే కప్పు కింద ఉండే చోటు ఊళ్లో ఇదొక్కటే ఉంది.

స్కాట్లాండ్‌లో, ఓడల తయారీ దెబ్బతిన్న గ్లాస్గో నగరంలో 1983లో కుర్ర కళాకారులు కలిసి ట్రాన్స్‌మిషన్ అనే గ్యాలరీ పెట్టుకున్నారు. దాన్ని నడిపే కమిటీ సభ్యులకు జీతం ఉండేది కాదు. కుర్చీ ఎవరికీ శాశ్వతం కాదు, కొన్నాళ్లు చేసి తర్వాతివాళ్లకు అప్పగించాలి. ఒక తరం నేర్చుకున్నది ఇంకో తరం చేతిలో పెట్టడం ఆ నియమంలోనే ఉంది. అక్కడి ఆర్ట్ స్కూల్లో 1980ల మధ్యలో డేవిడ్ హార్డింగ్ నడిపిన విభాగంలో విద్యార్థులు తమ పనిని స్టూడియోలో కాక ఊళ్లోనే ఎక్కడో చేయాలి, దానికి అనుమతి కూడా తామే వెళ్లి తెచ్చుకోవాలి. ఆ విభాగంలో చదివిన డగ్లస్ గోర్డన్‌కు 1996లో, మార్టిన్ బాయ్స్‌కు 2011లో బ్రిటన్‌లో కళాకారులకిచ్చే పేరున్న టర్నర్ బహుమతి వచ్చింది. గ్లాస్గోలో వానా మసీ వందేళ్ల ముందూ ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఆ కమిటీ, ఆ తరగతి.

మీరు మమ్మల్ని పట్టించుకోలేదని నేననలేను. ఫ్లైఓవర్ స్తంభాల మీద బొమ్మలు వేయమని పిలిచారు, వచ్చాం. ఏ బొమ్మ వేయాలో, ఏ రంగులు వాడాలో కాగితం మీద ఇచ్చారు, వేశాం. నాలుగు రోజుల్లో అయిపోయింది, ఫొటోలు దిగారు. ఆ పని నుంచి మా పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. స్తంభం మీద నెమలి వేయడం తెలిసిన వాళ్లనే పిలిచారు, నెమలే వేయించారు. ఆ నాలుగు రోజుల ఖర్చుతో షెడ్డు వైరింగు మొత్తం మార్చవచ్చని మా ఎలక్ట్రీషియన్ లెక్క వేసి చెప్పాడు. ఆ లెక్క కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కావాలంటే పంపుతాను.

ఇక అసలు విషయం, నిప్పు.

2016 డిసెంబర్ 2 రాత్రి అమెరికాలోని ఓక్లాండ్‌లో ఘోస్ట్ షిప్ అని పిలుచుకునే గోదాము తగలబడింది. కళాకారులు అందులోనే ఉంటూ పని చేసుకునేవారు, ఆ రాత్రి సంగీత కార్యక్రమం ఉంది. మంట లేస్తే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు లేవు, అలారాలు లేవు. పైఅంతస్తుకు ఉన్న మెట్లలో ఒకటి సరుకులు పెట్టే చెక్క చట్రాలు పేర్చి కట్టింది. ముప్ఫై ఆరుగురు చనిపోయారు. ఎక్కువమంది కుర్రవాళ్లు. ఆ వార్త చదివిన రాత్రి నేను మా షెడ్డుకు వెళ్లి వెనక తలుపు తెరవడానికి భుజంతో నెట్టాను. కదల్లేదు. అప్పుడే మీ దగ్గరికి రావాల్సింది. రాలేదు. ఎందుకంటే, వస్తే మీరు బాగుచేయిస్తారన్న నమ్మకం లేదు, మూసేస్తారన్న భయం ఉంది. ఈ ఒక్క వాక్యం మీరు రెండుసార్లు చదవండి. ప్రమాదం ఉన్న చోటల్లా మనుషులు నోరు మూసుకుని ఉండటానికి కారణం ఇదే.

ఓక్లాండ్ మంటలు ఆరిన కొద్దిరోజులకే అమెరికాలోనే బాల్టిమోర్ నగరంలో బెల్ ఫౌండ్రీ అనే భవనంలోని కళాకారులను ఉన్నపళంగా ఖాళీ చేయించారు. రోడ్డున పడ్డవాళ్లు క్షేమంగా ఉన్నట్టు ఎలా అవుతుంది? ఇంకో చోట, ఇంకా దొంగచాటుగా, ఇంకా అధ్వాన్నమైన వైర్ల కింద చేరతారు. బాల్టిమోర్ పాలకులకూ అది అర్థమైనట్టుంది, సురక్షితమైన కళా స్థలాల కోసం తర్వాత ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు.

దీనికి చాలా ముందే న్యూయార్క్ ఒక మంచి పని చేసింది. 1960ల మొదట్లో ఖాళీ కర్మాగారాల్లో చిత్రకారులు చట్టానికి తెలియకుండా ఉండేవారు. నగరం వాళ్లతో మాట్లాడి, 1961లో ఒక చిన్న ఏర్పాటు చేసింది. భవనం బయట "ఏ.ఐ.ఆర్." అని అక్షరాలు, ఏ అంతస్తులో ఉంటున్నారో అంకె వేసిన బోర్డు తగిలించాలి. ఇక్కడ కళాకారుడు నివాసం ఉన్నాడు అని దానర్థం. మంట లేస్తే ఏ అంతస్తులో మనిషి ఉన్నాడో అగ్నిమాపక సిబ్బందికి తెలియడానికి ఆ బోర్డు. 1971లో సోహో ప్రాంతంలో కళాకారుల నివాసాన్ని చట్టబద్ధం చేశారు. ఒక నగరం తన లోపలున్నవాళ్లను నేరస్థులుగా చూడకుండా, కాపాడాల్సిన మనుషులుగా చూసినప్పుడు మొదట చేసింది తలుపుకు ఒక బోర్డు. మీరు కూడా మా తలుపుకు ఒక కాగితం అంటించారు.

సోహో కథ అక్కడితో ఆగలేదని మీలో ఎవరైనా అంటారు. నిజమే. కళాకారులతో ఆ వీధులకు పేరొచ్చింది, పేరుతో పాటు ధనవంతులు వచ్చారు, గదులు కొనలేని కుర్రవాళ్లు వెళ్లిపోయారు. చాలా ఊళ్లలో కళాకారుల కంటే ముందు, అక్కడే పుట్టిపెరిగిన పేద కుటుంబాలు పోవాల్సి వస్తుంది. మా వెనక వీధివాళ్లు మమ్మల్ని అనుమానంగా చూస్తే దానికి కారణం ఉంది. ఈ చిక్కుముడికి నేను చూసినంతలో మంచి జవాబు అమెరికాలోని హ్యూస్టన్‌లో దొరికింది. 1993లో రిక్ లో అనే కళాకారుడు, మరికొందరు నల్లజాతి కళాకారులు కలిసి థర్డ్ వార్డ్ అనే పేట‌లో పాడుబడ్డ ఇరవై రెండు చిన్న ఇళ్లను కాపాడి ప్రాజెక్ట్ రో హౌసెస్ మొదలుపెట్టారు. కొన్ని ఇళ్లు కళాకారులకిచ్చారు. కొన్ని, చదువు పూర్తి చేసుకుంటున్న ఒంటరి తల్లులకిచ్చారు. పేటవాళ్లకు చోటిచ్చాకే కళకు చోటు. మా షెడ్డులో కూడా సగం ఆ వీధి పిల్లలకు ఇవ్వడానికి మేం సిద్ధం. లేత్ అన్న ఇప్పటికే ముగ్గురికి పని నేర్పుతున్నాడు.

కాబట్టి నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. సీలు తీయండి. మీ ఇన్‌స్పెక్టరు గారే వచ్చి ఏమేం మార్చాలో రాసివ్వాలి, గడువు పెట్టాలి. వైరింగు, వెనక తలుపు, అలారం ముందు కావాలి, పైకప్పు రేకులు తర్వాత చూసుకోవచ్చు. కూలి పని మేమే చేస్తాం. లండన్‌లో 1970ల్లో ఆక్మే అనే సంస్థ, కూల్చివేత జాబితాలో ఉన్న పాత ఇళ్లను ప్రభుత్వం దగ్గర తాత్కాలికంగా తీసుకుని కళాకారులకిచ్చింది. వాళ్లు తమ చేతులతోనే బాగుచేసుకుని ఉన్నారు. ఆ సంస్థ ఇప్పటికీ స్టూడియోలు అద్దెకిస్తోంది. ఆ తర్వాత మాకు కావాల్సింది లీజు. ఏడాదికోసారి రద్దయ్యే కాగితం వద్దు, కనీసం పదిహేనేళ్లు రాసివ్వండి. పందొమ్మిదేళ్ల పిల్ల వచ్చి, తన చెయ్యి తనకు తెలిసి, శుక్రవారం ఇంకొకరి పని ముందు నిలబడి పనికొచ్చే మాట ఒకటి చెప్పగలిగేంతవరకు అంత కాలం పడుతుంది. నాకు పట్టింది.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన కుంచెలు, పెద్ద అక్షరాలకు వాడే బద్దకుంచెలు పద్నాలుగు, తూర్పు గోడకు మేకులకు వేలాడుతున్నాయి. వాటి కోసం దరఖాస్తు పెట్టమంటే నేను పెట్టను. అవి ఉండాల్సింది ఆ మేకులకే.

దరఖాస్తు పెట్టాల్సింది ఇంకొకటుంది. మీరు సీలు వేసింది శుక్రవారం మధ్యాహ్నం. ఆరు నెలల కిందట మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి, ఇంతవరకు ఎవరికీ తన పని చూపించనిది, ఆ ఉదయమే ధైర్యం చేసి మొదటిసారి ఒక పని తెచ్చి గోడకు ఆనించి, పైన పాత దుప్పటి కప్పి, సాయంత్రం వస్తానని వెళ్లింది. సాయంత్రం మేమంతా తలుపు బయట నిలబడ్డాం. తనూ మా మధ్యే నిలబడి ఆ కాగితం చదివింది. దుప్పటి కింద ఏముందో ఇంకా ఎవరం చూడలేదు. తాళం తీసే రోజు శుక్రవారం అయ్యేలా చూడండి, మీరూ రండి. మొదటి అరగంట ఎవరూ మాట్లాడకూడదు, కూర్చోవడానికి స్టూళ్లు ఉన్నాయి.

ఇట్లు,
లేత్ వర్క్‌షాపు పక్క మూలలో పని చేసుకునే చిత్రకారిణి